1977లో మనం ఎటువైపు ఉన్నాం? సూరత్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

సూరత్ నగరంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కుల సంఘాల పెద్దలకు,



"బతకడానికి వచ్చినవాళ్లం, మనకెందుకీ రాజకీయాలు" అనే మాట మన సంఘాల్లో చాలాకాలంగా చెలామణీలో ఉంది. సాంచాల మీద పన్నెండు గంటల డ్యూటీ చేసి లింబాయత్‌కో పర్వత్ పాటియాకో అలసి చేరే మనిషి ఆ మాటంటే నేను తప్పు పట్టను. వేల కుటుంబాల తరఫున మాట్లాడే మీరు దాన్నే సంఘాల విధానంగా మార్చడాన్ని మాత్రం ఒప్పుకోలేను. దానికి తోడు ఇంకో మాట కూడా మీ నోటనే వినిపిస్తోంది: "ఈ దేశానికి కర్ర పట్టుకున్నవాడు కావాలి, ఎమర్జెన్సీలో చూడలేదా, ఆఫీసులు వేళకు తెరిచారు, రైళ్లు వేళకు నడిచాయి." ఇక 1975లో ఎమర్జెన్సీ ప్రకటించిన జూన్ 25 వచ్చేసరికి స్వరం మారుతుంది. 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆ రోజును రాజ్యాంగ హత్యా దినంగా ప్రకటించింది కాబట్టి ఆ ఒక్కరోజు ఎమర్జెన్సీ మహాపాపం అవుతుంది, ఆ పాపం ఒక్క ఇందిరాగాంధీది అవుతుంది. 21 నెలల పాటు కోట్లమంది జనం ఉన్న దేశాన్ని ఒక్క మనిషి ఒంటిచేత్తో నడిపించగలదా? మస్టర్లు రాసినవాళ్లు, జాబితాలు తయారుచేసినవాళ్లు, చప్పట్లు కొట్టినవాళ్లు, తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్లు ఎవరు? ఈ ప్రశ్న తెలుగువాళ్లుగా, అందులోనూ సూరత్ తెలుగువాళ్లుగా, మనల్ని అందరికంటే ఎక్కువగా తాకుతుంది. ఎందుకో మీకు చెప్పాలనే ఈ లేఖ.

1977 మార్చి ఎన్నికల ఫలితాలను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో ఉన్న 85 లోక్‌సభ స్థానాల్లో, బీహార్‌లో ఉన్న 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలుంటే 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ నుంచి గట్టెక్కారు. అదే ఎన్నికలో ఈ సూరత్ నగరం 19 నెలలు నిర్బంధంలో గడిపి వచ్చిన మొరార్జీ దేశాయ్‌ని పార్లమెంటుకు పంపింది, ఆయన ప్రధాని అయ్యారు. అంటే మనం పుట్టిన గడ్డ ఒకవైపు ఓటేసింది, మనం బతుకుతున్న గడ్డ ఇంకోవైపు ఓటేసింది. ఈ రెండు తీర్పులకూ వారసులుగా బతుకుతున్న జనం దేశంలో ఎంతోమంది ఉండరు. అయినా మన వేదికల మీద ఈ సంగతి ఎప్పుడైనా చర్చకు వచ్చిందా? మన పిల్లలు చదివే కార్పొరేషన్ తెలుగు బడుల్లో ఒక్క ఉపన్యాసమైనా దీని మీద ఏర్పాటు చేశారా?

సీట్ల లెక్క చూసి తెలుగువాళ్లు తెలివితక్కువగా ఓటేశారని తేల్చేయడం అన్యాయం. వాళ్లకు కారణాలున్నాయి, అవి బలమైనవి కూడా. 1974 నాటికి ధరలు ఆకాశాన్నంటి ఉన్నాయి. 1975లో వానలు బాగా పడ్డాయి, ఆ ఏడాది దేశంలో ఆహారధాన్యాల దిగుబడి 12 కోట్ల టన్నులు దాటింది, ధరలు దిగివచ్చాయి. ఆ పుణ్యం మేఘాలది, పేరు మాత్రం ప్రభుత్వానికి వచ్చింది. 1975 జూలై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో ఇళ్ల స్థలాలున్నాయి, భూ పరిమితి అమలుంది, వెట్టిచాకిరి రద్దు ఉంది. కూలీలు, చిన్న రైతులు, చేతివృత్తులవాళ్ల అప్పుల వసూలు మీద నిలుపుదల ఉంది. చేనేత అభివృద్ధి అనే అంశమూ అందులో ఉంది. షావుకారు దగ్గర నూలు బాకీ తీర్చలేక వలసబాట పట్టిన పద్మశాలి కుటుంబానికి ఈ రెండు హామీలు ఎంత పెద్దవో మీకు నేను చెప్పనక్కర్లేదు. అటు ఉత్తరాదిలో 1976లో కుటుంబ నియంత్రణ పేరుతో మనుషుల్ని పట్టుకెళ్లి ఆపరేషన్లు చేసిన స్థాయి బలవంతం దక్షిణాదిన కనిపించలేదు. తన మీద దెబ్బ పడనివాడు, తన గడపకు ఎంతో కొంత మేలు వచ్చినవాడు ప్రభుత్వానికి ఓటేశాడు. ఇందులో దుర్మార్గం లేదు. ఇంకా చెప్పాలంటే నియంతృత్వాలు నిలబడేది దుర్మార్గుల మద్దతు మీదకంటే ఇలాంటి మామూలు మనుషుల న్యాయమైన అవసరాల మీదే.

ఆ ఓటరుకు తెలియనివి, తెలియకుండా దాచినవి ఏమిటో కూడా చూడాలి. ఎమర్జెన్సీ పెట్టి నెల తిరక్కుండానే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చిచంపి ఎదురుకాల్పులని ప్రకటించారు. 1977లో పౌరహక్కుల తరఫున తార్కుండే కమిటీ విచారించి, అది పట్టుకుని చంపడమేనని తేల్చింది. ఆ రెంటి నడుమ ఏ తెలుగు పత్రిక అయినా నిజం రాయగలిగిందా? సెన్సారు కత్తెర ఉండగా ఎలా రాస్తుంది? 1975 డిసెంబర్ 1న నక్సలైట్ ఉద్యమంలో నడిచిన ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. వాళ్ల మార్గాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా ఆ ఉరిని ఆపాలని అడగదలచుకుంటే అడిగే వీధి లేకుండా పోయింది, అడిగినా వార్త అయ్యే పత్రిక లేకుండా పోయింది. ఎమర్జెన్సీ అత్యాచారాలపై విచారణ జరిపిన షా కమిషన్ లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నిర్బంధంలోకి వెళ్లినవాళ్లు లక్షా పదివేలకు పైనే. ఇక మగ్గం మీద, మిల్లులో పనిచేసే మనుషులకు సూటిగా తగిలిన దెబ్బ ఒకటుంది. మన సంఘాల్లో దాని గురించి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. 1975 సెప్టెంబరులో ఒక ఆర్డినెన్సు తెచ్చి కార్మికుల కనీస బోనసును 8.33 శాతం నుంచి 4 శాతానికి కోసేశారు. కాదనడానికి సమ్మె లేదు, సభ లేదు, కోర్టు లేదు, పత్రిక లేదు. రైళ్లు వేళకు నడిచాయని మెచ్చుకునే పెద్దలారా, ఆ రైలెక్కి పనికి వెళ్లినవాడి బోనసు సగానికి పైగా పోయిందని కూడా అదే నోటితో చెప్పగలరా? దీపావళి బోనసు కోసం ఏటా సేటు ముందు నిలబడే మన మనుషులకు ఈ లెక్క చెబితే, కర్ర పట్టుకున్నవాడి మీద వాళ్ల మోజు ఎంతసేపు నిలుస్తుందో చూడాలని ఉంది.

ఈ కథ మనకంటే ముందే, మరింత ఘోరంగా నడిచిన దేశం జర్మనీ. హిట్లర్ పార్టీకి 1933 మార్చి ఎన్నికల్లో కూడా, ప్రత్యర్థుల్ని కొట్టి జైళ్లలో వేసిన తర్వాత కూడా, వచ్చినవి 43.9 శాతం ఓట్లే. మెజారిటీ జర్మన్లు ఓటు వేసి అతణ్ణి తెచ్చుకోలేదు. అయితే వచ్చాక మెజారిటీ సర్దుకుంది. అసలు తెలుసుకోవలసింది ఆ సర్దుబాటు గురించే. అప్పటికి 60 లక్షలమంది నిరుద్యోగులున్న దేశంలో పని దొరికింది. పని దొరికిన కార్మికుడి సంఘాన్ని 1933 మే 2న మూసేశారు, సమ్మె హక్కు తీసేశారు. చాలామంది బేరం కుదిరిందనే అనుకున్నారు. హిట్లర్ రహస్య పోలీసు గెస్టపో అంటే ప్రతి వీధి మలుపులో ఒక గూఢచారి అని మనం సినిమాల్లో చూశాం. రాబర్ట్ గెలేట్లీ అనే చరిత్రకారుడు వుర్జ్‌బుర్గ్ నగరంలో మిగిలిపోయిన గెస్టపో ఫైళ్లు తిరగేస్తే తేలింది వేరు. లక్షల జనాభా ఉన్న ఆ ప్రాంతమంతటికీ ఉన్న గెస్టపో అధికారులు కొద్ది పదుల మంది. యూదులతో సంబంధాలున్నాయని నమోదైన కేసుల్లో సగానికి పైగా మొదలైంది మామూలు మనుషుల ఫిర్యాదులతో: పక్కింటివాళ్లు, తోటి ఉద్యోగులు, పాత కక్ష ఉన్న బంధువులు. అధికారులు వాళ్ల ఇళ్లకు వెళ్లి భయపెట్టలేదు. వాళ్లే నడిచి వచ్చి చెప్పారు.

ఎదిరించినవాళ్లూ ఆ మామూలు మనుషుల్లోంచే వచ్చారు. బెర్లిన్‌లో ఒట్టో హాంపెల్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు, అతని భార్య ఎలీజ్ ఉండేవాళ్లు. 1940లో ఆమె సోదరుడు యుద్ధంలో చనిపోయాక, ఆ ఇద్దరూ రెండేళ్లపాటు హిట్లర్‌కు వ్యతిరేకంగా పోస్టుకార్డులు రాసి ఇళ్ల మెట్ల మీద వదిలారు. దొరికినవాళ్లు చదివి పంచుకుంటారనుకున్నారు. చాలావరకు కార్డులను దొరికినవాళ్లు నేరుగా పోలీసులకు అప్పజెప్పారు. 1943 ఏప్రిల్ 8న ఇద్దరినీ చంపేశారు. పట్టుకున్న చేయి, పట్టించిన చేయి, రాసిన చేయి, మూడూ మామూలు మనుషులవే. ఆ ఏడాదే బెర్లిన్ రోజెన్‌స్ట్రాస్ వీధిలో, యూదు భర్తలను నిర్బంధించిన భవనం ముందు వాళ్ల జర్మన్ భార్యలు రోజుల తరబడి నిలబడ్డారు. ఆ భర్తల్లో చాలామంది విడుదలయ్యారు. ఆ నిరసన వల్లే విడుదలయ్యారా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. ఆ స్త్రీల మీద తుపాకులు పేలలేదన్నది మాత్రం వివాదం లేని సంగతి. 1941 ఆగస్టులో మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ రోగులనూ వికలాంగులనూ చంపుతున్నారని ప్రసంగ వేదిక మీంచి బయటపెడితే, ఆ నెలలోనే హిట్లర్ ఆ కార్యక్రమాన్ని పైకి ఆపవలసి వచ్చింది. తర్వాత చాటుగా సాగిందన్నది నిజమే. అయినా చాటుకు పోవలసి వచ్చిందంటే, అంత కర్కశమైన పాలన కూడా మామూలు జనం ముఖాల్లోకి చూసి లెక్కలు వేసుకునేదన్నమాట. అలాంటప్పుడు "మనం అంటే ఎంత, మన మాట ఎవరు వింటారు" అనే వాదానికి ఏం విలువ మిగిలింది?

హిట్లర్ జర్మనీకీ మన ఎమర్జెన్సీకీ పోలికా అని మీరు అడగవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. లక్షల మందిని గ్యాస్ గదుల్లో చంపిన రాజ్యాన్నీ, 21 నెలల తర్వాత తానే ఎన్నికలు పెట్టి, ఓడి, దిగిపోయిన ప్రభుత్వాన్నీ ఒక తక్కెడలో పెట్టడం నా ఉద్దేశం కాదు. నేను పోలుస్తున్నది పాలకులను కాదు, మనలాంటి జనాన్ని. మేలు దక్కితే హక్కు పోయినా ఫరవాలేదనుకోవడం, దెబ్బ పక్కవాడి మీద పడితే మన గడప దాటిందని ఊపిరి పీల్చుకోవడం, పెద్ద మనిషి అన్నీ చూసుకుంటాడని బాధ్యత దింపుకోవడం: ఇవి బెర్లిన్‌లోనూ ఖమ్మంలోనూ సూరత్‌లోనూ ఒకే తీరుగా పనిచేస్తాయి. ఇవి ఎంతదూరం తీసుకుపోతాయన్నది పాలకుడి చేతిలో ఉంటుంది. అందుకే అక్కడిదాకా రానివ్వకూడదు.

గుజరాతీలంతా వీరులు, తెలుగువాళ్లంతా లొంగిపోయినవాళ్లు అనుకుంటే అదీ చరిత్రను వక్రీకరించడమే. 1977లో గుజరాత్‌లోని 26 స్థానాల్లో కాంగ్రెస్‌కు 10 దక్కాయి. ఇక్కడ 1974లో విద్యార్థుల నవనిర్మాణ ఉద్యమం ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్‌ను దింపింది. ఏడాది తర్వాత ఎన్నికలై, 1975 జూన్‌లో బాబుభాయ్ పటేల్ నాయకత్వంలో జనతా మోర్చా ప్రభుత్వం వచ్చింది. ఎమర్జెన్సీ వచ్చినా 1976 మార్చి దాకా ఇక్కడ కొంత గాలి ఆడింది, ఇతర రాష్ట్రాల నుంచి తప్పించుకు వచ్చినవాళ్లకు నీడ దొరికింది. సర్వోదయ పత్రిక 'భూమిపుత్ర' సెన్సారును ధిక్కరించి గుజరాత్ హైకోర్టుకెక్కి గెలిచింది. ఎమర్జెన్సీకి చాలా ముందే ఎదిరించడం అలవాటైన జనం కాబట్టి ఇది సాధ్యమైంది. ఇదే సూరత్ జిల్లా బార్డోలీలో 1928లో పెంచిన శిస్తు కట్టబోమని రైతులు భూములు జప్తయినా నిలబడ్డారు. అటు మన వైపు కూడా నిలబడ్డవాళ్లు తక్కువేం కాదు. రైతు నాయకుడు గౌతు లచ్చన్న జైలుకెళ్లారు. విద్యార్థి నాయకుడిగా వెంకయ్యనాయుడు జైలుకెళ్లారు. కవి వరవరరావు విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద లోపలికెళ్లారు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి అజ్ఞాతంలోనే 1976 జూలైలో కన్నుమూశారు. తెలుగు కవి పఠాభి భార్య, నటి స్నేహలతా రెడ్డిని బెంగళూరు జైల్లో ఉబ్బసంతో నెలల తరబడి ఉంచి, ప్రాణం పోయే దశలో వదిలితే 1977 జనవరి 20న చనిపోయారు. ఎమర్జెన్సీ తర్వాత కవి కాళోజీ సత్తుపల్లికి వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీచేసి ఓడిపోయారు. భావాల్లో వీళ్లంతా ఒకరికొకరు ఎంత దూరమో మీకు తెలుసు. అధికారం మాట విననివాణ్ణి జైల్లో పెట్టకూడదన్న ఒక్క చోట కలిశారు. పద్మశాలి సంఘాలు గౌరవంగా తలచుకునే కొండా లక్ష్మణ్ బాపూజీ నిజాంను ఎదిరించిన మనిషి. "రాజకీయాలు మనకెందుకు" అని ఆయన అనుకుని ఉంటే ఆయన పటానికి దండ వేసే సందర్భం మనకు ఉండేదా?

మీరు చెప్పగల అభ్యంతరాల్లో నాకు బరువైనదిగా తోచేది ఒకటుంది. మనం పరాయి రాష్ట్రంలో ఉన్నాం, అద్దె ఇళ్లలో ఉన్నాం, సేటు పొమ్మంటే పోవాలి, పోలీసు పిలిస్తే వెళ్లాలి, అలాంటివాళ్లను వీధిలోకి రమ్మనడం ధర్మమా అంటారు. ధర్మం కాదు, నేను రమ్మనడమూ లేదు. ఒంటరి కార్మికుడికి లేని రక్షణ సంఘానికి ఉంటుంది కాబట్టే ఈ లేఖ అతనికి రాయలేదు, మీకు రాస్తున్నాను. సంఘం అంటే కల్యాణ మండపం, వనభోజనం, సన్మానం మాత్రమేనా? తన సభ్యుడు నోరు విప్పలేని చోట తాను విప్పడానికి కాకపోతే సంఘానికి చందా ఎందుకు కట్టాలి?

2024లో జరిగినదాన్నే తీసుకోండి. సూరత్ లోక్‌సభ స్థానంలో ప్రతిపాదకుల సంతకాల వివాదంతో ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు. మర్నాటికి మిగిలినవాళ్లంతా ఉపసంహరించుకున్నారు. బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. మే 7న గుజరాత్ అంతా ఓటేస్తే, 16 లక్షలకు పైగా ఓటర్లున్న సూరత్ స్థానం ఓటేయలేదు. దీన్ని నేను నియంతృత్వం అనను. ఎన్నికల చట్టం ప్రకారమే ప్రకటన వెలువడింది. తప్పు ఎవరిదో తేల్చే పని కూడా నాది కాదు. నేనడిగేది మన గురించి. మొరార్జీని అయిదుసార్లు గెలిపించిన నియోజకవర్గంలో ఓటు వేసే అవకాశమే లేకుండా పోయినప్పుడు, ఒక్క తెలుగు సంఘమైనా తీర్మానం చేసిందా? ఏ పార్టీనీ నిందించనక్కర్లేదు, "మా సభ్యుల్లో కొందరికి ఓటు అందలేదు, బాధగా ఉంది" అని ఒక్క వాక్యమైనా బయటికి చెప్పిందా? గెలిచిన పార్టీ అభిమానికి కూడా ఓటు పోయింది కదా? ఊళ్లో ఓటు కోసం రాత్రంతా రైల్లో నిలబడి వెళ్లే మనవాళ్లు, ఉన్నచోట ఓటు లేకుండా పోతే ఎందుకు ఊరుకున్నారు? ప్యూ పరిశోధన సంస్థ 2023 సర్వేలో, పార్లమెంటు, కోర్టుల అడ్డు లేని బలమైన నాయకుడి పాలన మంచిదేనని 67 శాతం భారతీయులు చెప్పారు. 2017లో అలా అన్నవాళ్లు 55 శాతం. ఈ పెరిగిన శాతంలో మన సంఘాల సభల్లో చప్పట్లు కొట్టే చేతులు లేవని మీరు చెప్పగలరా?

కాబట్టి మిమ్మల్ని అడిగేవి మూడు పనులు. వచ్చే ఎన్నికల్లో, అవి కార్పొరేషన్‌వైనా పార్లమెంటువైనా, ఏ పార్టీకైనా సరే "మా సమాజం ఓట్లన్నీ మీకే" అని వేదికెక్కి మాట ఇవ్వడం మానండి. ఓటు సభ్యుడిది, దాన్ని మొత్తంగా అప్పజెప్పే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు. జూన్ 25న ఒక తెలుగు సభ పెట్టండి. అందులో కాంగ్రెస్‌ను తిట్టేవాళ్లనూ, ఎమర్జెన్సీలో ఇంటి స్థలం అందుకున్నవాళ్లనూ, జైలుకెళ్లినవాళ్ల కుటుంబాలనూ ఒకే వేదిక మీద మాట్లాడనివ్వండి. 41 సీట్లు ఎందుకిచ్చామో మనమే మన నోటితో చెప్పుకుందాం. తెలుగు బడుల్లో తొమ్మిది, పది చదివే పిల్లల్ని ఆ సభకు పిలవండి, ప్రశ్నలు అడగనివ్వండి. ఇవేవీ చేయదలచుకోకపోతే, ఎందుకు చేయరో కారణాలతో సభ్యులకు రాతపూర్వకంగా చెప్పండి. మీ సర్వసభ్య సమావేశంలో ఈ లేఖను చదివి వినిపించి, సభ్యుల అభిప్రాయం చేతులెత్తించి తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
సూరత్ తెలుగు పౌరుడు